యాక్షన్ అన్న మాట

1951 జనవరి 18, గురువారం. మెదక్

పదిహేడేళ్ల తరవాత ఊళ్లో అడుగు పెట్టాను. పొలిమేరలోనే మిలిటరీ వాళ్లు మా లారీ ఆపారు. అడవుల్లో కమ్యూనిస్టుల దళాలు ఇంకా తిరుగుతున్నాయట, ఏ బండినీ ఊరికే వదలడం లేదు. ఒక జవాను కెమెరా పెట్టె తెరిపించి, లెన్సుకు కన్ను ఆనించి చూసి, ఇదేమిటని అడిగాడు. సినిమా కెమెరా అన్నాడు జయానందం. జయానందం నా కెమెరామన్, ఆరు పిక్చర్లు కలిసి చేశాం. జవాను నన్ను గుర్తుపట్టలేదు. ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఆ హాయి పది నిమిషాలే. మేం దిగిన బంగళా ముందు ఊరంతా ఉంది. అమ్మతో కలిసి నాట్లు వేసిన ఐలవ్వ నా గడ్డం పట్టుకుని, జర ఏడ్సి చూపియ్యి బిడ్డా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పదమూడేళ్ల వయసులో జాతరకు వచ్చిన నాటకం కంపెనీతో వెళ్లిపోయిన పిల్ల తిరిగొస్తే అడగాల్సింది ఇదే కాబోలు.

తప్పు ఐలవ్వది కాదు. పదహారు పిక్చర్లలో ఏడ్చాను. ఒక్కసారి కూడా గ్లిజరిన్ ముట్టలేదు. డైరెక్టర్ యాక్షన్ అంటే చాలు, కళ్లు నిండిపోతాయి. ఆ మాటకూ నా కళ్లకూ ఏదో లంకె ఉంది. పత్రికల వాళ్లు దాన్ని ప్రతిభ అన్నారు. జబ్బేమోనని నా అనుమానం.

ఈసారి ఆ మాట నేను అంటాను. ఏడ్చేది ఇంకొకరు. కథ చిన్నది: కుండలు అమ్ముకునే మనిషి సంతలో తప్పిపోయిన చెల్లెలిని వెతుక్కుంటుంది. ఆ పాత్ర లలితది, కొత్త అమ్మాయి. డబ్బు పెట్టేది హైదరాబాద్ వకీలు ఇంద్రకరణ్. ఆడమనిషి డైరెక్షన్ అని పోస్టరు మీద వేస్తే జనం విరగబడతారని ఆయన నమ్మకం. కాని షరతు పెట్టాడు. ఫిబ్రవరి ఆఖరుకు సంత సీను ఆయన మెచ్చేలా రావాలి. రాకపోతే మిగతా పిక్చర్ మద్రాసు నుంచి వచ్చే డైరెక్టర్ తీస్తాడు, నేను వెళ్లి మళ్లీ ఏడ్చుకోవచ్చు. కళ్లు మూసుకుని సంతకం పెట్టాను.

జనవరి 20

ఖమర్ జహాన్ ఇంటికి వెళ్లాను. రెండు రోజులు వాయిదా వేసి వెళ్లాను.

చిన్నప్పుడు మా రెండిళ్లకూ ఒకటే గోడ. వాళ్ల అబ్బాజాన్ నాకు ఉర్దూ అక్షరాలు దిద్దించాడు, మా అమ్మ దానికి తెలుగు అక్షరాలు దిద్దించింది. ఖమర్ పెనిమిటి గులాం మొహియుద్దీన్ ఇక్కడి రేకుల షెడ్డు టాకీసులో ఆపరేటర్. నా పిక్చర్ వచ్చినప్పుడల్లా పెళ్లాన్ని బొమ్మ వేసే మిషన్ గదిలో తన స్టూలు మీద కూర్చోబెట్టి చూపించేవాడట.

1948 అక్టోబర్లో మద్రాసుకు ఖమర్ ఉత్తరం వచ్చింది. అమ్మ నేర్పిన అక్షరాలే. మా ఆయనను ట్రక్కుల ఎక్కించుకొని పోయిండ్రు, నీకు పెద్దోళ్లు తెలుసు గద, జర అడుగు అని రాసింది. నేను ఎవరినీ అడగలేదు. ఆ రోజుల్లో హైదరాబాద్ రాజ్యంలో ఒక తురక మనిషి కోసం నోరు విప్పితే స్టూడియోలో నా వైపు ఎలా చూస్తారోనని భయం. ఉత్తరాన్ని మేకప్ పెట్టె అడుగున పెట్టాను. జవాబు కూడా రాయలేదు. ఇది ఎవరూ చదవరు కనుక రాస్తున్నాను.

ఖమర్ ఆ ఉత్తరం ఊసే ఎత్తలేదు. చాయ్ ఇచ్చింది. ఆయన సంగతి నేనే అడిగితే, యాక్షన్ల పోయిండు అని ఒక్క ముక్కలో చెప్పి కుట్టుమిషన్ తొక్కడం మొదలుపెట్టింది. కుట్టుపని మీద బతుకుతోంది. మా డ్రెస్సులు కుడతావా అంటే, ఇయ్యి అంది. క్షమించు అనే మాట నోటి దాకా వచ్చి చాయ్‌తో పాటు లోపలికే పోయింది.

జనవరి 22

లలితకు జలుబు. ఫిల్మ్ ఇంకా రాలేదు.

జనవరి 25

సంతకు జాగా దొరికింది. కోట కింద మైదానం. పొద్దుటి వెలుగు వెనక నుంచి వస్తుంది, దూరంగా చర్చి గోపురం కనిపిస్తుంది. జయానందం ఎగిరి గంతేశాడు.

ఊళ్లో వాళ్లకు మాత్రం నచ్చలేదు. ఐలవ్వ రెండుసార్లు వచ్చింది. ఇంకో జాగ చూడరాదు బిడ్డా, ఏడుపాయల కాడ మస్తుగుంటది, ఏరున్నది, అమ్మవారున్నది అంది. ఎందుకని అడిగితే ఏం లేదు ఏం లేదు అని చెంగు సర్దుకుంది. దయ్యాల భయం అనుకున్నాను. వెలుగు ఇక్కడే బాగుందని గట్టిగా చెప్పాను. డైరెక్టర్ అన్నాక మాట మీద నిలబడాలి కదా. పదహారు పిక్చర్ల పాటు ఎవరో గీసిన సుద్దగీత మీద నిలబడ్డాను, ఇప్పుడు గీత గీసేది నేను.

జనాన్ని పోగుచేసే పని గాలయ్యకు ఇచ్చాను. అరవై దాటిన మనిషి, ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. నా చిన్నప్పుడు కలరా సూదుల నుంచి దొరగారి పెళ్లి దాకా ఏ కబురైనా ఆయన గొంతులోనే విన్నాం. మైదానం పేరు చెప్పగానే చేతికర్రను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. తరవాత, నీ ఇష్టం బిడ్డా అన్నాడు.

జనవరి 27, శనివారం. సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాయాలి. రేపటికి నేనే నమ్మను.

తొమ్మిది గంటలకు అంతా సిద్ధం. రెండు వందల మంది. గాజుల దుకాణం, మిరపకాయల కుప్పలు, ఎడ్లు, కుండలు. అందరూ పండగకు వచ్చినట్టు వచ్చారు. ఐలవ్వ తన ముక్కుపుల్ల ఫోటోలో కనిపిస్తుందా అని జయానందాన్ని నాలుగుసార్లు అడిగింది. లలిత కుండ చంకన పెట్టుకుని మధ్యలో నిలబడింది. కెమెరా తిరగడం మొదలైంది. మెగాఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాను. నా జీవితంలో మొదటిసారి, నా సొంత గొంతుతో, యాక్షన్ అని అరిచాను.

ఆడవాళ్లు పిల్లల్ని చంకన వేసుకుని ఇళ్ల వైపు పరుగెత్తారు. కుండలు పగిలాయి. వాడలో తలుపుల గడియలు ఒకటి తరవాత ఒకటి పడటం నాకు వినిపించింది. మగవాళ్లు పారిపోలేదు. ఉన్నచోట నుంచి లేచి, ఒకరి పక్కన ఒకరు సర్దుకుని, వరుసలు వరుసలుగా గొంతుక్కూర్చున్నారు. రెండు చేతులూ తలమీద పెట్టుకున్నారు. ఎవరూ చెప్పలేదు. ఎవరూ ఏడవలేదు. కొందరు కూర్చున్న చోటు నచ్చక లేచి, ఇంకో వరుసలోకి వెళ్లి కూర్చున్నారు. దాదాపు నూట ఇరవై మంది, తలలు దించుకుని.

కట్ అని అరిచాను. వాళ్లకు ఆ మాట తెలియదు.

ఒక్క గాలయ్య మాత్రం కూర్చోలేదు. కర్ర ఊపుకుంటూ గబగబా వచ్చి నా ముందు కుడిపక్కన, నా నీడకు బెత్తెడు దూరంలో, జనం వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఏమంటే అది తిరిగి చాటడానికి నోరు సగం తెరిచి ఉంచాడు. ఇంతమందిలో ధైర్యమున్నవాడు ఈయనొక్కడే అనుకున్నాను. లేవమని చెప్పు గాలయ్యా అన్నాను. నోరు కదిలింది, గొంతు రాలేదు.

చివరికి నేనే వెళ్లి ఒక్కొక్కరి చేతులు పట్టుకుని తలమీద నుంచి దించాను. ఒక ముసలాయన నా మొహం వైపు చూడకుండా, పోవచ్చునా అండి అని అడిగాడు. ఊరి బిడ్డనైన నన్ను అండి అన్నాడు.

జనవరి 28

ఖమర్ చెప్పింది. నిన్న బంగళాలో ఇస్త్రీ చేస్తూ ఉండిపోయింది, సంగతి ఐలవ్వ దగ్గర విందట. మొదట నవ్వింది. తరవాత నవ్వలేదు.

గీడ యాక్షనంటే సిన్మా మాట కాదు గోదావరీ, అది ఒక కాలం అంది. యాక్షన్‌కు ముందు పుట్టిండు, యాక్షన్ అయినంక లగ్గమైంది అని చెప్పుకుంటారట. పోలీస్ యాక్షన్ పేరుతో నిజాం మీదికి యూనియన్ మిలిటరీ వచ్చిన రోజుల్లో ఒక పొద్దున ఒక ఆఫీసరు నా మెగాఫోన్ లాంటి భోంగా పట్టుకుని వచ్చి ఊళ్లో మగవాళ్లందరినీ అదే మైదానంలో కూర్చోబెట్టాడు. చేతులు తలమీద. పొద్దు గూకే దాకా. ఆడవాళ్లు ఇళ్లల్లో గడియ పెట్టుకుని ఉండాలని హుకుం. ఆడవాళ్లెవరూ ఏమీ చూడలేదు. సాయంత్రం పదకొండు మందిని ట్రక్కులో ఎక్కించారు. పదిమంది ఎప్పటికో తిరిగొచ్చారు. గులాం మొహియుద్దీన్ రాలేదు.

మరి నాకెవరూ ఎందుకు చెప్పలేదే అని అడిగాను. ఎట్ల జెప్తరు, నువ్వు సిన్మా తీయనీకి వస్తివి అంది.

ఇరవయ్యో తారీఖున ఆ మాట ఖమర్ నోటనే విన్నాను. నా డైరీలోనే రాసుకున్నాను. నా కళ్లల్లో నీళ్లు తెప్పించడానికే ఆ మాట పుట్టిందన్నట్టు బతికాను మరి, నాకెట్లా తడుతుంది.

జనవరి 31

మళ్లీ తీశాం. మైదానం మార్చి మంజీర ఒడ్డుకు పోదామన్నాను. ఈసారి వాళ్లే వద్దన్నారు. ఒకసారి అయిపోయింది కద, గీడనే కానియ్యుండ్రి అన్నారు.

యాక్షన్ అనలేదు. మెగాఫోన్ బంగళాలోనే వదిలేశాను. గాలయ్య తన మామూలు చాటింపు గొంతుతో, కానియ్యుండ్రి అన్నాడు. ఎవరి పని వాళ్లు చేశారు. బేరాలాడారు, నడిచారు, నవ్వమంటే నవ్వారు. అంతా కొయ్యబొమ్మల్లా ఉంది. ఆడవాళ్లు లలితను చూడాల్సిన చోట లలితను చూశారు. మగవాళ్లు మాత్రం గాలయ్యను చూస్తున్నారు. ఎందుకో అర్థం కాలేదు.

రెండు రోజుల ఫిల్మూ కడగడానికి మద్రాసుకు పంపాం. మొదటిరోజుది పారేద్దామన్నాను. జయానందం ఒప్పుకోలేదు. ఆ రోజు జనం కూర్చుంటున్నా ఆయన కెమెరా ఆపలేదు. ఎందుకు ఆపలేదని నేను అడగలేదు.

ఫిబ్రవరి 14, బుధవారం

రీళ్లు రైల్లో అక్కన్నపేట దాకా, అక్కణ్నుంచి బస్సులో వచ్చాయి. మద్రాసు వాళ్లు పొరపాటున ప్రింటుతో పాటు నెగటివ్ కూడా పంపేశారు. ఇంద్రకరణ్ కారులో హైదరాబాద్ నుంచి వచ్చాడు. రేకుల షెడ్డు టాకీసు రెండున్నరేళ్లుగా మూసి ఉంది. గులాం మొహియుద్దీన్ తరవాత ఆపరేటర్ దొరకలేదట. మిషన్ గది తాళం ఖమర్ దగ్గర ఉంటే అడిగి తెచ్చాం. తలుపులకు నల్లగుడ్డలు కట్టి మధ్యాహ్నం వేశాం.

శబ్దం లేని ముక్కలు. నా అరుపు లేదు. సంత కళకళలాడుతూ ఉంటుంది, ఉన్నట్టుండి ఏ కారణమూ లేకుండా జనం కూలబడతారు. వరుసలు కడతారు. చేతులు తలల మీదికి పోతాయి. మధ్యలో కుండతో లలిత ఒక్కతే నిలబడి ఉంటుంది, ఆ పిల్ల మొహంలో అలాంటి బెదురు నేను వంద టేకులు తీసినా తెప్పించలేను. ముందుభాగంలో, నేల మీద, మెగాఫోన్ పట్టుకున్న నా నీడ.

ఇంద్రకరణ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. గోదావరి గారూ, దేశంలో ఎవరూ ఇలాంటి సీను తీయలేదు, కథను దీని చుట్టూ తిప్పేద్దాం అన్నాడు. ఈ పిక్చరే కాదు, ఇంకో రెండు మీరే డైరెక్ట్ చేయండి అన్నాడు. రెండో రోజు తీసింది చూసి ఆవులించాడు. ఇరవై ఆరున నెగటివ్‌తో హైదరాబాద్ రమ్మన్నాడు.

సంతోషపడ్డాను. అబద్ధం రాయను. అన్నం కూడా తినకుండా ఆ సీను ఎక్కడ పెట్టాలో కాగితం మీద గీసుకుంటూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 15

ఖమర్ చూస్తానంది. మిషన్ గదిలోకి నాకంటే ముందు తనే నడిచింది. ఆయన స్టూలు అక్కడే ఉంది. దుమ్ము తుడిచి, రీలు తీసి, మిషన్‌కు తనే ఎక్కించింది. జయానందం ఆశ్చర్యపోతే, ఆయన జ్వరంల ఉన్నప్పుడు నేనే నడిపేదాన్ని, ఎవ్వలకు తెల్వది అంది.

ఒకసారి చూసింది. మళ్లీ వేసింది. గాలయ్య నా నీడ పక్కకు వచ్చి నిలబడే చోటికి రాగానే తెర వైపు కిటికీకి మొహం ఆనించేది. కాసేపు అక్కడ ఆపి చూడరాదా అన్నాను. ఆపితే బొమ్మ కాలిపోతది, ఆయన చెప్పిండు అంది. అందుకని ఆపకుండా ఏడుసార్లు నడిపింది.

ఏడోసారి అయ్యాక, ఈ నీడ ఎవరిదని అడిగింది. నాది అన్నాను. ఆ దినం గా జాగల ఆఫీసరు నిలబడి ఉంటడు అంది.

తరవాత తనలో తను అనుకుంటున్నట్టుగా, అందరు ఆ దినం ఏడ కూసున్నరో గీడ గదే జాగల కూసున్నట్టున్నది, వరుస తప్పితే లేచి పోయి సర్దుకున్నరు, మరి గాలయ్యెందుకు కూసోలె అంది.

నల్లగుడ్డలు విప్పి, మడతలు పెట్టి, నా చేతికిచ్చి ఇంటికి పోయింది.

ఫిబ్రవరి 16

ఖమర్ రాలేదు. కుట్టిన జాకెట్లు ఐలవ్వ తెచ్చి ఇచ్చింది. నా వైపు చూడకుండా ఇచ్చింది. గాలయ్య ఎందుకు కూర్చోలేదో ఊరందరికీ తెలుసు. రెండున్నరేళ్లుగా తెలుసు. ఒక్క ఖమర్‌కు తప్ప.

ఫిబ్రవరి 18, ఆదివారం. ఉదయం

గాలయ్య వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వరండా స్తంభం పట్టుకుని నిలబడే చెప్పాడు.

ఆఫీసరుకు తెలుగు రాదు. చాటింపు వేసేవాడు ఎవడని అడిగి గాలయ్యను తన పక్కన నిలబెట్టుకున్నాడు. కూర్చోమను, చేతులు ఎత్తమను, వరుస కట్టమను. అన్నీ గాలయ్య గొంతులోనే ఊరు విన్నది. సాయంత్రానికి రజాకార్ల పేర్లు చెప్పమన్నాడు. పదిమందిని ఎవరెవరో చూపించారు. పదకొండోవాణ్ణి నువ్వు చెప్పు, లేదంటే నీ కొడుకును ఎక్కిస్తా అన్నాడు. వరుసలన్నీ చూశాడు గాలయ్య. ఎవరి పేరు చెబితే వాళ్లకు ముప్పే. అప్పుడు గులాం మొహియుద్దీన్ కనిపించాడు.

గాయిన సిన్మా మిషినాయన, దేంట్ల లేడు, ఎవ్వలతోటి లొల్లి లేదు, మంచోడని జల్ది ఇడిసిపెడ్తరు అనుకున్న బిడ్డా అన్నాడు. చెడ్డోని పేరు జెప్తె సంపుతరు, మంచోని పేరు జెప్తె మల్లొస్తడు అనుకున్న.

అది చెప్పి చాలాసేపు స్తంభాన్ని గోకుతూ నిలబడ్డాడు. ఎందుకొచ్చావని అడిగాను. గా బొమ్మల నన్నొక్కన్ని కత్తెరతోటి కోసి తియ్యరాదా అన్నాడు. మిగిలినోళ్లను ఉంచు, నన్నొక్కన్ని తియ్యి అన్నాడు.

అట్లా ఒక్కరిని కోయడం కుదరదు గాలయ్యా, కోస్తే అందరూ పోతారు అని చెప్పాను. అర్థమైనట్టు తల ఊపాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. మేకప్ పెట్టె అడుగున ఉన్న ఉత్తరం గుర్తొచ్చింది. కోపం రాలేదు.

ఫిబ్రవరి 20

ఖమర్ దగ్గరికి వెళ్లి గాలయ్య మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను. కుడుతూనే విన్నది. చివరికి దారం పళ్లతో కొరికి, నిజమే, మంచోడే అంది.

అప్పుడు ఉత్తరం సంగతి అడిగింది. అందిందా అని మాత్రమే అడిగింది. అందింది అన్నాను. ఎవరినీ అడగలేదు, భయపడ్డాను అన్నాను. ఆయనను తీస్కపోయిన దినం నువ్వేం చేస్తున్నవు అంది. లెక్కవేసి చెప్పాను. మద్రాసులో షూటింగ్. భర్త జైలుకు పోతే ఏడ్చే సీను. రేడియోలో హైదరాబాద్ వార్త వచ్చింది, డైరెక్టర్ రేడియో కట్టేయించి యాక్షన్ అన్నాడు. బాగా ఏడ్చాను. అందరూ మెచ్చుకున్నారు.

క్షమించు అన్నాను. అది వినిపించుకోలేదు. తనకు కావలసింది చెప్పింది. గా దినం కూసున్న మొగోళ్లందరికి ఆ రీలు ఒక్కపారి చూపియ్యి, వాళ్ల బొమ్మ వాళ్లు చూడాలె. ఆ తర్వాత నాకియ్యి. ఊరూర డేరాలు వేసి, చేతులు నెత్తి మీద పెట్టుకున్న మా వాడోళ్లను చూసి జనం పల్లీలు తినుడు నాకొద్దు. ఆయనుంటే గీ రీలు మిషన్ ఎక్కనిచ్చేటోడు కాదు.

అది ఇచ్చేస్తే నా చేతిలో పిక్చర్ ఉండదు ఖమర్ అన్నాను. సిగ్గులేకుండా అన్నాను. తెలుసు అంది. అప్పుడు అడుగుమంటే అడగకపోతివి, ఇప్పుడు ఇయ్యుమంటున్న అంది.

ఆలోచించుకుంటానని వచ్చేశాను.

ఫిబ్రవరి 22

రెండు రోజులుగా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ సీను లేకుండా పిక్చర్ ఎలా నిలబడుతుందో చూశాను. నిలబడదు.

ఫిబ్రవరి 25, ఆదివారం. సాయంత్రం 6 గంటలు

మధ్యాహ్నం మూడింటికి వేశాం. డప్పు కొట్టించలేదు. ఐలవ్వ ఇంటింటికీ పోయి చెప్పి వచ్చింది. నూరుమందికి పైగా మగవాళ్లు, కొందరు పెళ్లాలతో వచ్చారు. అందరికంటే వెనక, తలుపు పక్కన గాలయ్య నిలబడ్డాడు. వస్తాడనుకోలేదు.

మిషన్ నడిపింది ఖమర్.

తెర మీద సంత కనిపించగానే ఎవరో తన ఎడ్లను చూసి నవ్వారు. ఐలవ్వ ముక్కుపుల్ల కనిపించింది. తరవాత జనం కూర్చోవడం మొదలైంది. షెడ్డులో మిషన్ ఒక్కటే మోగుతోంది. పక్కన ఉన్న ఒకామె తన పెనిమిటి మొహంలోకి చూసింది. ఆ రోజు గడియ పెట్టుకున్న తలుపుల వెనక వీళ్లు చూడనిది ఇప్పుడు చూస్తున్నారు. ఆయన తెర వైపే చూస్తూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

తెర మీద గాలయ్య కర్ర ఊపుకుంటూ వచ్చి నా నీడ పక్కన నిలబడ్డాడు. ఒక్క తల కూడా వెనక్కి తిరగలేదు. అప్పుడు తలుపు పక్క నుంచి గాలయ్య కదిలాడు. మనుషుల మధ్య నుంచి నడుచుకుంటూ ముందుకు వచ్చాడు. తెర కింద, మట్టినేల మీద, కర్ర పక్కన పెట్టి, గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. వెనక బొమ్మలో ఉన్నవాళ్ల వరుసలో ఒకడైనట్టు కూర్చున్నాడు.

రీలు అయిపోయింది. తెల్లటి వెలుగు ఆయన చేతుల మీద పడింది.

ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఖమర్ రీలు వెనక్కి చుట్టి, డబ్బాలో పెట్టి, మిషన్ దీపం ఆర్పి కిందికి దిగింది. ప్రింటు డబ్బా ఆమె చేతిలోనే ఉంది. నెగటివ్ డబ్బా నేను ఇచ్చాను. ఇచ్చేటప్పుడు నా వేళ్లు కాసేపు వదల్లేదు, నేనే బలవంతంగా విప్పాను. ఖమర్ గాలయ్య వైపు చూడకుండా బయటికి నడిచింది.

గాలయ్య అలాగే కూర్చుని ఉన్నాడు. కట్ చెప్పాల్సింది డైరెక్టరే. నోరు తెరిచాను. నేను లేపితే లేచే మనిషి కాడని తెలిసింది. లేపే హక్కు నాది కాదు. వచ్చేశాను.

ఫిబ్రవరి 26. ఉదయం

ఐలవ్వ వచ్చి చెప్పింది. నిన్న దీపాలు పెట్టే వేళకు ఖమర్ మళ్లీ షెడ్డుకు పోయిందట. గాలయ్య ముందు గొంతుక్కూర్చుని ఏదో ఒక మాట అన్నదట. ఆయన చేతులు దించి, కర్ర తీసుకుని ఇంటికి పోయాడట. ఏమన్నదో ఎవరూ వినలేదు. ఐలవ్వ అడిగితే, జవాబుగా ఐలవ్వనే పోయి అన్నం తినుండ్రి అన్నదట.

ఇంద్రకరణ్‌కు ఉత్తరం రాశాను. ఆ సీను నా దగ్గర లేదు, ఎక్కడుందో చెప్పను, మీ షరతు ప్రకారం మీరు చేయండి అని.

ఏప్రిల్ 12. మద్రాసు

కొత్త పిక్చర్, తల్లి వేషం. డైరెక్టర్ యాక్షన్ అన్నాడు. కళ్లు నిండుతాయని ఎదురుచూశాను. మళ్లీ అన్నాడు. మూడోసారి నేనే చెయ్యి ఎత్తి, గ్లిజరిన్ తెమ్మన్నాను.